పతకం తప్పింది.. దారి మిగిలింది

2024 పారిస్ ఒలింపిక్స్ నుంచి మనవాళ్లు 6 పతకాలతో తిరిగొచ్చారు. ఎవరికి ఏ పతకం వచ్చిందో పోటీ పరీక్షలకు చదివేవాళ్లను నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. బిట్ బ్యాంకుల్లో అన్నిసార్లు చదివి ఉంటారు మరి! అదే ఒలింపిక్స్‌లో మనవాళ్లు నాలుగో స్థానంలో ఆగిపోయిన సందర్భాలు కూడా సరిగ్గా 6. అవి బిట్ బ్యాంకుల్లో పెద్దగా కనిపించవు.

వెయిట్‌లిఫ్టర్ మీరాబాయి చాను మొత్తం 199 కిలోలు ఎత్తింది. కాంస్యం గెలిచిన థాయ్‌లాండ్ అమ్మాయి ఎత్తింది 200. ఒకే ఒక్క కిలో తేడా. స్కీట్ షూటింగ్ మిక్స్‌డ్ జట్టు విభాగంలో అనంత్‌జీత్, మహేశ్వరి జోడీకి తప్పింది ఒక్క పాయింటు. లక్ష్యసేన్ కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో తొలి గేమ్ గెలిచి, తర్వాతి రెండూ పోగొట్టుకున్నాడు. రైఫిల్‌లో అర్జున్ బబుతా, 25 మీటర్ల పిస్టల్‌లో మను బాకర్ కూడా నాలుగో స్థానమే. ఆర్చరీ మిక్స్‌డ్‌లో మన విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్ జంటదీ అదే కథ. ధీరజ్‌కి వ్యక్తిగత విభాగంలో ఇంకా విచిత్రం జరిగింది. స్కోర్లు సమమై షూటాఫ్ పెట్టారు. ఇద్దరికీ చెరొక బాణం. ఇద్దరూ 10 కొట్టారు. కెనడా ఆటగాడి బాణం కేంద్రానికి కాస్త దగ్గరగా ఉందని అతణ్ని గెలిపించారు. పదికి పది తెచ్చుకుని కూడా ఓడిపోవడం అంటే ఇదే.

‘అర మార్కులో పోయింది’ అన్న మాట హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లలో రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ వినిపిస్తుంది. క్యాంపస్ డ్రైవ్‌లో మూడు రౌండ్లు దాటి, హెచ్‌ఆర్ రౌండ్ తర్వాత మెయిల్ రానివాళ్లకూ ఆ బాధ తెలుసు. ఇలాంటప్పుడు పెద్దవాళ్లు ‘పాల్గొనడమే ముఖ్యం నాన్నా’ అంటారు. అది స్కూల్ వార్షికోత్సవంలో బహుమతులు ఇచ్చేటప్పుడు బాగుంటుంది గానీ, ఇంట్లో అప్పు పెట్టుకుని కోచింగ్ తీసుకున్నవాడికి ఎక్కదు. ఎక్కకపోవడమే న్యాయం కూడా. పోటీకి వెళ్లేది గెలవడానికే.

మరి గెలవనివాళ్లలో కొందరు మనల్ని ఎందుకు కదిలిస్తారు? జాలితోనైతే వారం రోజుల్లో మర్చిపోతాం. కొందరి ఓటమిని 40 ఏళ్లయినా చెప్పుకుంటున్నాం. గెలిచినవాళ్ల కథ మన దగ్గరికి వచ్చేసరికి అందులోంచి లెక్కలన్నీ చెరిపేసి జవాబు మాత్రమే మిగులుస్తారు. ఓడినవాళ్ల కథలో ఆ లెక్క అలాగే కనిపిస్తుంది. ఎక్కడ తప్పింది, ఎంతలో తప్పింది, తర్వాత ఏం చేశారు.. అన్నీ చూడొచ్చు. చూసి, మనకు పనికొచ్చేది తీసుకోవచ్చు.

స్టార్లను చూస్తే నిజంగా ఊపొస్తుందా?

దీనిమీద కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో పెనెలొపీ లాక్‌వుడ్, జీవా కుండా అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1997లో ఒక పరిశోధన ప్రచురించారు. అకౌంటింగ్ చదివే విద్యార్థులకు అదే కోర్సు ఫైనలియర్‌లో అద్భుతంగా రాణించిన ఓ సీనియర్ గురించి చదవడానికి ఇచ్చారు. ఆ తర్వాత తమ గురించి తామేమనుకుంటున్నారో అడిగారు. ఫస్టియర్ వాళ్లకు ఉత్సాహం వచ్చింది. ఫైనలియర్ వాళ్లకు రాలేదు. కారణం మనమూ ఊహించగలం. ఫస్టియర్ వాళ్లకు ఇంకా టైం ఉంది, ‘నేనూ అలా కావచ్చు’ అనుకుంటారు. ఫైనలియర్ వాళ్లకు ఆ తలుపు దాదాపు మూసుకుపోయింది. అదే స్టార్, అదే కథ. చదివేవాళ్లు నిలబడిన చోటును బట్టి ఫలితం మారిపోయింది. ఫైనలియర్‌లో ప్లేస్‌మెంట్ రాకుండా ఉన్న మీకు ‘45 లక్షల ప్యాకేజీ కొట్టిన కుర్రాడు’ అనే వార్త చూస్తే ఊపు రాకపోగా నీరసం వస్తోందంటే, మీలో లోపమేమీ లేదన్నమాట.

న్యూయార్క్‌లో 2016లో వెలువడిన ఇంకో అధ్యయనం దీనికి రెండో వైపు చూపిస్తుంది. 402 మంది తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ, మైకేల్ ఫారడేల గురించి చదివించారు. కొందరికి వాళ్లు సాధించిన విజయాలు మాత్రమే చెప్పారు. మిగతావారికి వాళ్లు పడ్డ తిప్పలు చెప్పారు.. ప్రయోగాలు చెడిపోవడం, జీవితంలో కష్టాలు. తిప్పల కథలు చదివినవాళ్లకు తర్వాత సైన్స్ మార్కులు మెరుగుపడ్డాయి. అప్పటికి వెనకబడి ఉన్న పిల్లల్లో ఆ మెరుగుదల ఇంకా ఎక్కువ. విజయాలు మాత్రమే చదివినవాళ్లలో ఆ మేలు కనిపించలేదు.

మైదానంలోకి వస్తే, ఇలాంటి తిప్పల కథలు నాలుగో స్థానం దగ్గర పుష్కలంగా దొరుకుతాయి. మూడు చూద్దాం.

55.42

1984 ఆగస్టు 8, లాస్ ఏంజిలెస్. ఒలింపిక్స్‌లో మహిళల 400 మీటర్ల హర్డిల్స్ పెట్టడం అదే మొదలు. కేరళలోని పయ్యోలి నుంచి వచ్చిన 20 ఏళ్ల పి.టి.ఉష సెమీఫైనల్లో మొదటి స్థానంలో వచ్చి ఫైనల్ చేరారు. ఫైనల్లో మొరాకోకు చెందిన నవాల్ ఎల్ ముతవకీల్ గెలిచింది. మూడో స్థానం రుమేనియా అమ్మాయి క్రిస్టినా కోజోకారుది, 55.41 సెకన్లు. ఉషది 55.42.

సెకనులో నూరో వంతు. ఆ వేగంతో పరుగెత్తే మనిషి అంత సేపట్లో కదిలే దూరం ఏడు సెంటీమీటర్లు, సుమారుగా మన అరచేతి వెడల్పు. చివర్లో ఛాతీని ముందుకు వంచడంలో ఆలస్యమైందని అప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. అమెరికా తిండి పడక గంజి, మామిడికాయ పచ్చడితో సరిపెట్టుకున్నానని, చివరి మీటర్లలో సత్తువ లేకపోవడానికి అదీ కారణమేనని ఉష స్వయంగా చెప్పారు. ఒలింపిక్ ఫైనల్ చేరిన అథ్లెట్‌కి సరైన తిండి పెట్టలేకపోయిన వ్యవస్థ గురించి మాట్లాడుకోవడం కన్నా ‘అయ్యో, నూరో వంతు’ అని నిట్టూర్చడం మనకు సులువు. ఆ నిట్టూర్పులో పత్రికలవాళ్ల వాటా తక్కువేమీ కాదు.

ఆ తర్వాత జరిగింది చూడండి. ఏడాది తిరిగేసరికి 1985 జకార్తా ఆసియా ఛాంపియన్‌షిప్‌లో ఉష 5 స్వర్ణాలు, ఒక కాంస్యం గెలిచారు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో 4 స్వర్ణాలు, ఒక రజతం. 2002లో కోజికోడ్ జిల్లాలో సొంతంగా అథ్లెటిక్స్ స్కూల్ మొదలుపెట్టారు. అక్కడ తయారైన టింటూ లూకా 2010లో 800 మీటర్లలో జాతీయ రికార్డు తిరగరాసి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో సెమీస్ దాకా వెళ్లింది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ 55.42 అనే అంకె ఒక ఎత్తు. పతకం తేలేకపోయిన ఆ పరుగే మన దేశానికి జాతీయ రికార్డు. ఏళ్లకు ఏళ్లు ఎవరూ దాన్ని అందుకోలేదు. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కోయంబత్తూరు అమ్మాయి విద్యా రామ్‌రాజ్ హీట్స్‌లో పరుగెత్తి గీత దాటింది. బోర్డు మీద కనిపించిన టైం 55.42. నూరో వంతు అటూ ఇటూ కాకుండా సరిగ్గా అదే! 39 ఏళ్ల తర్వాత. మర్నాడు ఫైనల్లో 55.68తో ఆమెకు కాంస్యం వచ్చింది. దేశంలో 400 మీటర్ల హర్డిల్స్ ఎంచుకున్న ప్రతి అమ్మాయికీ ఇన్నేళ్లుగా గోడ మీద రాసిపెట్టుకునే లక్ష్యం ఓ నాలుగో స్థానం పరుగే. 55.41 మన అమ్మాయిలకు అలా గుర్తులేదు. ఉండాల్సిన అవసరమూ లేదు.

ఎవరూ ఎంచుకోని వాల్ట్

అగర్తలాలో జిమ్నాస్టిక్స్ నేర్చుకుని ఒలింపిక్స్‌కు వెళ్లడం అంటే, ఈత కొలను లేని ఊళ్లో ఈత నేర్చుకుని నేషనల్స్‌కు వెళ్లడం లాంటిది. దీపా కర్మాకర్ పాదాలు చదునుగా ఉండేవి. జిమ్నాస్ట్‌కి అది పెద్ద ఇబ్బంది. గాల్లోంచి కిందికి దిగినప్పుడు పాదమే స్ప్రింగ్‌లా పనిచేయాలి మరి. కోచ్ విశ్వేశ్వర్ నంది ఏళ్ల తరబడి కసరత్తులు చేయించి ఆ పాదాలను దారికి తెచ్చారు.

2016 రియో ఒలింపిక్స్‌కి అర్హత సాధించిన తొలి భారత మహిళా జిమ్నాస్ట్ ఆమె. మగవాళ్లను కలుపుకొన్నా మన దేశం నుంచి ఒలింపిక్స్‌లో జిమ్నాస్ట్ కనిపించడం 1964 తర్వాత అదే మొదటిసారి. అంటే 52 ఏళ్లకు.

ఇక్కడ ఆమె వేసుకున్న లెక్క గమనించండి, పోటీ పరీక్షలు రాసేవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. వాల్ట్‌లో మార్కులు రెండు భాగాలు. ఒకటి ఎంచుకున్న విన్యాసం ఎంత కష్టమైనదో దానికిచ్చే మార్కు, రెండోది దాన్ని ఎంత శుభ్రంగా చేశారో దానికిచ్చేది. చిన్నప్పటి నుంచి మంచి పరికరాలు, మంచి జిమ్‌లు ఉన్న దేశాల అమ్మాయిలతో శుభ్రత విషయంలో పోటీ పడటం కష్టం. అందుకని దీపా, నంది కష్టం వైపు వెళ్లారు. రష్యా జిమ్నాస్ట్ ఎలీనా ప్రొడునోవా పేరుతో పిలిచే వాల్ట్ ఉంది. వేగంగా పరుగెత్తుకొచ్చి, టేబుల్ మీద చేతులు ఆనించి, గాల్లో ముందుకు రెండు పల్టీలు కొట్టి కాళ్ల మీద దిగాలి. తేడా వస్తే మెడ మీద పడతారు. అందుకే ప్రపంచంలో దాన్ని పోటీల్లో చేసిన అమ్మాయిలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అప్పట్లో దాని కష్టానికి ఇచ్చే మార్కు 7.0.

ఆగస్టు 14న ఫైనల్. మొదటి వాల్ట్‌కి 14.866. రెండోది ప్రొడునోవా. కాళ్ల మీదే దిగింది గానీ బాగా కిందికి కుంగిపోయింది. 15.266 వచ్చింది. రెండింటి సగటు 15.066. స్విట్జర్లాండ్‌కు చెందిన జూలియా స్టైన్‌గ్రూబర్ 15.216తో కాంస్యం గెలిచింది. తేడా 0.150.

దేశం ఆ నాలుగో స్థానాన్ని పతకంలాగే చూసింది. ఆ ఏడాది సింధు, సాక్షి మలిక్‌లతో పాటు దీపాకీ ఖేల్‌రత్న ఇచ్చారు. నందికి ద్రోణాచార్య వచ్చింది. హైదరాబాద్ గోపీచంద్ అకాడమీలో సచిన్ తెందుల్కర్ చేతుల మీదుగా సింధు, సాక్షి, గోపీచంద్‌లతో పాటు ఆమెకూ బీఎండబ్ల్యూ కారు తాళాలు అందాయి. కొన్నాళ్లకు ఆ కారు తనకొద్దని దీపా వెనక్కిచ్చేసింది. అగర్తలా ఇరుకు రోడ్ల మీద దాన్ని నడపలేమని, రిపేరొస్తే అక్కడ సర్వీస్ సెంటర్ కూడా లేదని కారణం. బహుమతి పుచ్చుకునేటప్పుడు కూడా ఇంటి ముందు రోడ్డు గుర్తుండటం నాకు భలే నచ్చింది.

ఆ తర్వాత కథ సినిమాలా సాగలేదు. 2017లో మోకాలికి సర్జరీ. 2018లో టర్కీలో జరిగిన ప్రపంచ ఛాలెంజ్ కప్‌లో స్వర్ణంతో తిరిగొచ్చింది. మళ్లీ గాయాలు, టోక్యో ఒలింపిక్స్ పోయింది. 2021లో తీసుకున్న డోప్ శాంపిల్‌లో నిషేధిత పదార్థం దొరకడంతో 21 నెలల సస్పెన్షన్ పడింది, 2023 జులైలో అది ముగిసింది. ఈ మరకను దాచి ఆమె గురించి రాయడం సరికాదు. 2024 మేలో, 30 ఏళ్లు దాటాక, తాష్కెంట్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ వాల్ట్ స్వర్ణం గెలిచింది. ఆ ఘనత సాధించిన తొలి భారత జిమ్నాస్ట్ తనే. అదే ఏడాది అక్టోబరులో రిటైరైంది.

రియో తర్వాత రెండేళ్లు కూడా తిరగకుండానే, 2018 ఫిబ్రవరిలో మన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి మెల్‌బోర్న్‌లో ప్రపంచ కప్ వాల్ట్ కాంస్యం గెలిచి, ప్రపంచ కప్‌లో పతకం నెగ్గిన తొలి భారత జిమ్నాస్ట్ అయింది. దీపాని చూసే అరుణ వచ్చిందనడం తప్పు. అరుణ అంతకు చాలా ముందు నుంచే ఆడుతోంది, ఆ కష్టం పూర్తిగా ఆమెది. కానీ ‘వాల్ట్’ అంటే ఏమిటో ఎవరికీ వివరించాల్సిన అవసరం లేని రోజులు వచ్చాయి. ఈ ఆట ఆడే పిల్లల అమ్మానాన్నలకు ఇరుగుపొరుగు అడిగే ‘దీంతో ఏమొస్తుంది?’ అనే ప్రశ్నకు ఒక జవాబు దొరికింది.

లెక్కలోకి రాని పరుగులు

మూడో కథ విశాఖపట్నానిది. ఎర్రాజి జ్యోతి తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్లలో పని చేస్తూ, ఆసుపత్రిలో క్లీనింగ్ పనికీ వెళ్లేది. జ్యోతి ఎంచుకున్నది 100 మీటర్ల హర్డిల్స్. అందులో జాతీయ రికార్డు 13.38 సెకన్లు. అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పింది.

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయాల పోటీలు. ఆచార్య నాగార్జున యూనివర్సిటీ తరఫున దిగిన జ్యోతి 13.03లో ముగించింది. రికార్డు బద్దలైనట్టే కదా? కాలేదు. అక్కడ డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు. కాబట్టి గుర్తించలేదు.

2022 ఏప్రిల్, కోజికోడ్‌లో ఫెడరేషన్ కప్. ఈసారి 13.09. డోప్ పరీక్ష, అధికారులు అన్నీ ఉన్నాయి. కానీ గాలి కలిసిరాలేదు, నిజానికి మరీ ఎక్కువగా కలిసొచ్చింది! వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే ఆ టైంని రికార్డుగా తీసుకోరు. ఆ రోజు గాలి 2.1. మళ్లీ గుర్తించలేదు.

ఈ రెండు ఘటనలు చదువుతుంటే తెలంగాణలో గ్రూప్–1 రాసినవాళ్లు గుర్తుకు రాక మానరు. 2022 అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశారు. హైకోర్టు తీర్పుతో అదీ రద్దు. 2024 జూన్‌లో మూడోసారి పరీక్ష హాలుకి వెళ్లారు. మొదటి రెండుసార్లు బాగా రాసినవాళ్ల కష్టం ఏ లిస్టులోనూ లేదు. తప్పు వాళ్లది కాదు, అయినా నష్టం వాళ్లదే. ఇది మామూలు ఓటమి కన్నా ఎక్కువ మండుతుంది. ఓడితే కనీసం ఎక్కడ తగ్గామో తెలుస్తుంది. ఇక్కడ తగ్గిందేమీ లేదు!

జ్యోతి ఏం చేసింది? 2022 మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో మళ్లీ పరుగెత్తింది. టైం 13.23. లెక్కలోకి రాని రెండు పరుగుల కన్నా ఇది నెమ్మది. కానీ ఇది చెల్లింది, రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. అదే నెలలో ఇంకో రెండుసార్లు మెరుగుపరిచి 13.04కి తెచ్చింది. అక్టోబరులో గాంధీనగర్ జాతీయ క్రీడల్లో 12.79తో 13 సెకన్ల గోడ దాటితే, మళ్లీ గాలి ఎక్కువ! పట్టుమని రెండు వారాలకు బెంగళూరులో 12.82, ఈసారి గాలి పరిమితిలోనే ఉంది. 100 మీటర్ల హర్డిల్స్‌ని చెల్లుబాటయ్యేలా 13 సెకన్లలోపు ముగించిన తొలి భారతీయురాలు అయింది.

పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత కావాలంటే 12.77 కావాలి. జ్యోతి అత్యుత్తమ టైం 12.78. ఉషని వెంటాడిన ఆ నూరో వంతే ఈమె దగ్గరికీ వచ్చింది. ప్రపంచ ర్యాంకింగ్ ద్వారా చోటు దక్కింది. ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తిన తొలి భారత మహిళ అయింది. అక్కడ హీట్‌లో 13.16, ఏడో స్థానం. రెండో అవకాశంగా ఇచ్చే రెపచేజ్ రౌండ్‌లో 13.17, నాలుగో స్థానం. ఇంటికి. ఏడాది కూడా కాకముందే, 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో 12.96తో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం నిలబెట్టుకుంది. నిలబెట్టుకుంది అంటున్నానంటే, అంతకుముందు 2023లో బ్యాంకాక్‌లోనూ తనే గెలిచింది కాబట్టి. బ్యాంకాక్‌లో స్వర్ణం తెచ్చిన టైం ఎంతో తెలుసా? 13.09. కోజికోడ్‌లో చెల్లదన్న అంకె.

ప్రతి ఓటమీ స్ఫూర్తి కాదు

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పైన రాసిన ముగ్గురూ వేల మందిలోంచి వచ్చినవాళ్లు. ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం అంటే ప్రపంచంలో నాలుగో స్థానం. జిల్లా స్థాయిలో నాలుగో స్థానంలో వచ్చి ఆట మానేసినవాళ్ల గురించి ఎవరూ వ్యాసాలు రాయరు. నగదు పురస్కారాలు, ఉద్యోగ హామీలు కూడా చాలావరకు పతకం చుట్టూనే తిరుగుతాయి. దీపాకి వచ్చినంత ఆదరణ నాలుగో స్థానంలో వచ్చిన అందరికీ రాలేదు. కాబట్టి ‘ఓడినా పర్లేదు, పేరొస్తుంది’ అనుకుంటే పొరపాటే.

ఇంకోటి. స్ఫూర్తి అంటే అదే గోడకు మళ్లీ మళ్లీ తల కొట్టుకోవడం అని కూడా కాదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో జయ్‌దీప్ కర్మాకర్ అనే షూటర్ 50 మీటర్ల రైఫిల్ ప్రోన్‌లో నాలుగో స్థానంలో వచ్చాడు. తర్వాత కోచింగ్ వైపు మళ్లాడు. అతని దగ్గర నేర్చుకున్న మేహులీ ఘోష్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో రజతం గెలిచింది. నాలుగో అటెంప్ట్, ఐదో అటెంప్ట్ అంటూ వయసు లెక్కపెట్టుకుంటున్న మిత్రులు ఈ కథ కూడా చదవాలి. నేర్చుకున్నది వేరే చోట వాడుకోవడం లొంగిపోవడం కాదు. సివిల్స్‌కి చదివి పాలసీ పరిశోధనలోకో, జర్నలిజంలోకో, అదే సబ్జెక్టు చెప్పే క్లాస్‌రూమ్‌లోకో వెళ్లి బాగా స్థిరపడ్డవాళ్లు మన చుట్టూ ఎంతమంది లేరు?

‘మీ ఫెయిల్యూర్ ఒకటి చెప్పండి’

హెచ్‌ఆర్ రౌండ్‌లో ఈ ప్రశ్న దాదాపు ఖాయం. దీనికి ఎక్కువమంది చెప్పే జవాబు ‘నేను ప్రతిదీ పర్ఫెక్ట్‌గా ఉండాలనుకుంటాను, అదే నా వీక్‌నెస్’. ఎదుటివాళ్లు ఆ రోజుకి ఇరవయ్యోసారి వింటుంటారు. ఇంకొందరు కాలేజీ బాలేదు, ఫ్యాకల్టీ లేరు అంటూ కారణాలు ఏకరవు పెడతారు. అవి నిజమే కావచ్చు, కానీ అడిగింది అది కాదు.

దీపా స్కోర్ షీట్‌ని ఒకసారి గుర్తు చేసుకోండి. ఎంచుకున్న కష్టానికి ఎంత, చేసిన తీరుకి ఎంత అని విడివిడిగా ఉంటుంది. మీ ఫెయిల్యూర్‌నీ అలా విడగొట్టి చెప్పొచ్చు. ఉదాహరణకు: ‘గత డ్రైవ్‌లో టెక్నికల్ రౌండ్‌లో పోయాను. కోడింగ్ రెండు ప్రశ్నలూ చేశాను, డేటాబేస్ దగ్గర ఆగిపోయాను. జాయిన్స్ చదివాను గానీ ఎప్పుడూ చేసి చూడలేదు. ఆ తర్వాత మా కాలేజీ లైబ్రరీ పుస్తకాల వివరాలతో ఒక చిన్న డేటాబేస్ తయారుచేశాను. మొన్నటి డ్రైవ్‌లో ఆ రౌండ్ దాటాను, గ్రూప్ డిస్కషన్‌లో ఆగాను. ఇప్పుడు దానిమీద పనిచేస్తున్నాను.’ ఇందులో రెండుసార్లు ఓడినట్టు ఒప్పుకున్నారు. అయినా వినేవాళ్లకు మీరు ఎటు వెళ్తున్నారో తెలుస్తుంది. కథ అల్లి మాత్రం చెప్పకండి, రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

మీ చేతిలో లేని కారణంతో పోయి ఉంటే, పరీక్ష రద్దో, నోటిఫికేషన్ కోర్టులో ఆగిపోవడమో, అదీ దాచక్కర్లేదు. ఒక్క వాక్యంలో చెప్పి, ఆ ఖాళీలో ఏం చేశారో దానికి వెళ్లండి. రెజ్యూమెలో రెండేళ్ల గ్యాప్ ఎందుకు అన్న ప్రశ్నకు ‘ప్రిపరేషన్’ అని ఒక్క ముక్క చెబితే చాలదు. ఆ రెండేళ్లలో ఏ సబ్జెక్టు మీద పట్టొచ్చింది, ఎవరికైనా పాఠం చెప్పారా, పార్ట్‌టైం ఏమైనా చేశారా.. అడిగేవాళ్లకు కావాల్సింది ఆ వివరాలే.

ఇక ఫలితం వచ్చిన మొదటి వారం. అందరికన్నా కష్టమైనది అదే. ఫోన్లు ఎత్తబుద్ధి కాదు, వాట్సప్ గ్రూపులో సెలెక్టయినవాళ్లకు అభినందనలు పెట్టాలంటే చేయి రాదు. ఆ వారంలో పెద్ద నిర్ణయాలేవీ తీసుకోకండి. ముందే ఒప్పుకున్న చిన్న పనులు ఏమైనా ఉంటే అవి చేసేయండి. దీపా రియోకి వెళ్లేనాటికి ఎంఏ పొలిటికల్ సైన్స్ విద్యార్థిని. 0.150 తేడాతో పతకం పోగొట్టుకుని ఇంటికి తిరిగొచ్చేసరికి అగర్తలాలో సన్మానాలు, ఊరేగింపులు ఎదురుచూస్తున్నాయి. సెమిస్టర్ పరీక్షలు కూడా. వెళ్లి రాసేసింది.